తాడు తగల్లేదు

దీపాలు వెలిగేసరికి అక్క పైన లేదు.

వెలుగు మాత్రం పడాల్సిన చోటే పడింది. మనిషికంటే ఎత్తైన చెక్క ప్లాట్‌ఫారం, దాని అంచు, అంచు మీద గుండ్రటి పసుపు వెలుగు. ఆ గుండ్రంలో మనిషి లేదు. స్పీకర్లలో సంగీతం సాగిపోతూనే ఉంది. అటూ ఇటూ కోరస్‌లో ఉన్నవాళ్ళం అందరం చేతులు పైకెత్తి, లేని మనిషిని నోళ్ళు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాం. ఆ క్షణంలో అలా చూడమనే మాకు నేర్పారు. కాబట్టి చూశాం.

అప్పుడు ప్లాట్‌ఫారం కింద నుంచి ఒక మాట వినిపించింది.

"తాడేదీ?"

అక్క గొంతే. అరవలేదు, ఏడవలేదు. దువ్వెన ఎక్కడ పెట్టావే అని అడిగినట్టు అడిగింది. కుడికాలు మోకాలికీ మడమకీ నడుమ, వంగకూడని చోట వంగి ఉంది. తను దాన్ని చూడటం లేదు. నన్నే చూస్తోంది.

"తాడేదే? నా కాలికి తాడు తగల్లేదు."

తాడంటే పెద్ద తాడేం కాదు. చిటికెన వేలంత లావు. ప్లాట్‌ఫారం అంచుకి కాస్త ఇవతల, ఈ కొస నుంచి ఆ కొసకి పరిచి నల్లటేపుతో అతికిస్తారు. నాటకంలో ఆ ఘట్టం దగ్గర దీపాలన్నీ ఆరిపోతాయి. రిహార్సల్స్‌లో నిజంగా ఆర్పింది ఆ రోజే మొదటిసారి. చిమ్మచీకట్లో అక్క చెప్పుల్లేని కాళ్ళతో గబగబా అంచుదాకా నడిచి, అరికాలికి తాడు తగలగానే ఆగిపోవాలి. వెలుగు పడేసరికి గాల్లో నిలబడ్డట్టు కనపడాలి. చూసేవాళ్ళ గుండె గొంతులోకి రావాలి. మా ప్రిన్సిపాల్‌ గారు ఆ నాటకం రాసిందే ఆ ఒక్క క్షణం కోసం. చీకట్లో కళ్ళు పనికిరావు. అక్కడ అరికాలే కన్ను.

"తాడు ఉంది!" పైనుంచి అరుపు. "ఇదిగో, ఉంది కదా! ఇక్కడే ఉంది!"

పిచ్చుక. అక్క క్లాసుమేటు. అక్కకి ఒంట్లో బాగోకపోతే అక్క వేషం వేయాల్సింది తనే. వేషం రానివాళ్ళకి ఏదో ఒక పని అప్పజెప్పడం మా కాలేజీ పద్ధతి. తాడు అతికించే పని పిచ్చుకది.

ప్రిన్సిపాల్‌ గారు నిచ్చెనెక్కి వెళ్ళి వంగి చూశారు. తాడు ఉంది. దానిమీద టేపు నిగనిగలాడుతోంది. అంటే కొత్తది.

"ఎప్పుడేశావు ఈ టేపు?"

"పొద్దున్నే సార్. పాతది లేచిపోతోందని..."

"పొద్దున్నా? ఇప్పుడా?"

అందరి తలలూ ఒక్కసారి పిచ్చుకవైపు తిరిగాయి. అక్క తను పడ్డచోటు నుంచి పైకి చూసి, నెమ్మదిగా అంది:

"నేను పడ్డాక అతికించావా?"

*

ఆ వేసవి తర్వాత మా ఇంట్లో ఎవరి కాళ్ళకీ ఎవరూ మందు రాయరు. కాలు బెణికినా, చర్మం చీరుకుపోయినా ఎవరి మందు వాళ్ళే రాసుకుంటారు, తలుపేసుకుని. ఎందుకో బయటివాళ్ళకి చెప్పం.

ఆస్పత్రి వరండాలో నాన్న ఒంటికాలి మీద లేచాడు. ఆయన లిఫ్టు మెకానిక్. మనుషులు కింద పడకుండా చూడటమే ఆయన వృత్తి. ఆ ముక్క ఆ రోజు కనపడ్డ ప్రతి నర్సుకీ చెప్పాడు.

"నేను బిగించిన లిఫ్టులో ఇలా జరిగితే ఈపాటికి నన్ను లోపలేసేవాళ్ళు. అక్కడ తాడు లేకపోతే దీపాలు ఎలా ఆర్పుతారు? ఎవత్తె ఆ పిల్ల? దానికి వేషం కావాలి, మా పిల్ల కాలు అడ్డం. అంతేగా?"

"మీరు కాస్త మెల్లిగా..." అంది అమ్మ.

"మెల్లిగానా? కాలు విరిగిపోతే మెల్లిగానా?"

అమ్మ పనిలోంచి తిన్నగా వచ్చేసినట్టుంది, చర్మం డాక్టరు క్లినిక్‌లో వేసుకునే లేతాకుపచ్చ కోటు ఇంకా ఒంటిమీదే ఉంది. నా పక్కన కూర్చుని, నా మోకాలి మీద చెయ్యి వేసి, మొట్టమొదట అడిగిన మాట:

"దాని సంచి ఏదే?"

"ఏ సంచి?"

"ప్రాక్టీసు సంచి. బట్టలవీ."

"నేను సర్ది తెచ్చానమ్మా. ఇదిగో."

అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అడుగుదాకా వెతికింది. తువ్వాలు, గజిబిజిగా చుట్టిన హెయిర్‌ బ్యాండ్లు, నీళ్ళ సీసా. అన్నీ తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. కూతురు ఆపరేషన్‌ గదిలో ఉంటే తల్లి చేతులు ఊరికే ఉండలేవు కదా అనుకున్నాను. ఎంత జాలేసిందో నాకు.

ఆ తర్వాత ఇంట్లో కూడా వెతికింది. మంచం కింద, బట్టల బీరువాలో, చెప్పుల స్టాండు వెనక. ఏమిటమ్మా అంటే, "దాని పగుళ్ళ మందు డబ్బా కనపడట్లేదు" అనేది.

పగుళ్ళ సంగతి చెప్పాలి. వేసవి మొదట్లోనే అక్క అరికాళ్ళు చీలిపోయాయి. ఉత్తకాళ్ళతో చెక్కమీద గిర్రున తిరిగితే చర్మం పచ్చిచెక్కలా విడిపోతుంది. ఒక్కో చీలికలో రూపాయి బిళ్ళ నిలబడేది. అడుగు తీసి అడుగేస్తే నేలమీద నెత్తుటి గుర్తు. డాక్టరు చూసి, ఈ వేసవంతా కాళ్ళు కింద పెట్టకు అన్నాడు. అక్క ఇంటికొచ్చి దిండు కొరుక్కుంటూ ఏడ్చింది. కాలేజీలో చివరి సంవత్సరం, చివరి నాటకం. బయటి కంపెనీలవాళ్ళు వచ్చి చూసి, నచ్చినవాళ్ళని తీసుకెళ్ళేది ఆ ఒక్క నాటకానికే.

"మా క్లినిక్‌లో మంచి మందుంది లేవే," అంది అమ్మ.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే అమ్మ నేలమీద కూర్చుని, అక్క కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, రేకు డబ్బాలోంచి తెల్లటి క్రీము తీసి మందంగా రాసేది. పైన పల్చటి ప్లాస్టిక్‌ కాగితం చుట్టేది. వేడి పట్టాలి అనేది. అక్క కాలేజీకి బయల్దేరే ముందు కాగితం విప్పి, తుడిచి, మేజోళ్ళు తొడిగేది. పసిపిల్లకి తొడిగినట్టు. ఎందుకైనా మంచిదని డబ్బా కూడా అక్క సంచిలో పెట్టేది.

నొప్పి పోయింది. కానీ ఆ గొప్పదనం అమ్మకి దక్కలేదు. ధ్యాస క్లాసుకి దక్కింది.

*

ధ్యాస క్లాసంటే మా కాలేజీలో జోకు. నటులకైనా, నాట్యం చేసేవాళ్ళకైనా ముందు తమ ఒళ్ళు తమకి తెలియాలని పెట్టిన క్లాసు. చాపల మీద వెల్లకిలా పడుకోవాలి. కళ్ళు మూసుకోవాలి. ఆ క్లాసు చెప్పే ఊపిరి మేడం మన ధ్యాసని నెమ్మదిగా ఒళ్ళంతా తిప్పుతుంది: కాలి బొటనవేలు, మడమ, పిక్క, మోకాలు. తను ఆగినచోట మన ధ్యాస ఆగాలి. నేను ఎప్పుడూ మోకాలు దాటలేదు. అక్కడికే నిద్రపట్టేది. అందుకే మొదటి సంవత్సరంలోనే నాకు గురక అని పేరు పెట్టేశారు.

మేడం నియమం ఒక్కటే. ఎవరినైనా ముట్టుకుని అడిగితే, వాళ్ళు రెండు ముక్కల్లో చెప్పాలి.

"చోటు చెప్పు. అక్కడ ఏముందో చెప్పు. ఎందుకో చెప్పకు. ఎందుకో చెప్పడం మొదలుపెడితే కథలల్లుతారు మీరు. అసలే నటులు."

ఆ వేసవి మొదట్లో ఒకరోజు మేడం అక్క పాదం ముట్టుకుంది.

"చోటు?"

"అరికాళ్ళు, మేడం."

"ఏముంది?"

అక్క చాలాసేపు ఊపిరి తీసుకుంది. "ఏం లేదు మేడం. అరికాళ్ళే లేవు."

గదంతా తలలు లేచాయి. పక్క చాప మీది పిచ్చుక నా డొక్కలో పొడిచింది. "విన్నావా గురకా, మీ అక్క గాల్లో తేలుతోంది. నువ్వేమో ఇంకా మోకాలి దగ్గరే గుర్రు పెడుతున్నావు."

మేడం మాత్రం నవ్వలేదు. "లేవా? లేక ఊరుకున్నాయా? రెండూ ఒకటి కాదమ్మా," అంది.

"లేవు మేడం. నొప్పి రోజూ చూస్తూ చూస్తూ ఉంటే కరిగిపోయింది."

ఆ రోజు నుంచి కాలేజీ అంతా అక్కని వేరేగా చూసింది. ఊపిరితో నొప్పిని కరిగించిన పిల్ల. అక్క కూడా తనని తాను అలాగే చూసుకుంది. పిచ్చుక అయితే వెంటపడి, "ఎలా చేస్తావే, నాకూ చెప్పవే" అని బతిమాలేది. అక్క పడటానికి ముందురోజు కూడా ఇద్దరూ ఒకే చాపమీద కూర్చుని కాళ్ళు చూసుకుంటూ నవ్వుకుంటుంటే నేను చూశాను.

అలాంటి పిచ్చుక మీద ఇప్పుడు నాన్న ఫిర్యాదు పెట్టాడు. నాటకం వేసవి చివరికి వాయిదా పడింది. విచారణ తేలేదాకా పిచ్చుకని రిహార్సల్స్‌కి రావద్దన్నారు. తప్పు తనదేనని తేలితే కాలేజీ నుంచి పంపేస్తారు. మా రంగంలో అలాంటి పేరొచ్చిన మనిషి పక్కన ఇంకెవరూ చీకట్లో నిలబడరు. ఏ కంపెనీ తీసుకోదు. పిచ్చుకకి ఇంకో చదువు లేదు, ఇంకో పనీ రాదు.

"అక్కా, నిజంగా తగల్లేదా?" అని అడిగాను ఒకసారి.

అక్క కట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుంది. చిర్రెత్తుకొచ్చింది తనకి. "నా కాలు నాకు తెలీదంటావా? అరికాలితో గోరంత ఇసుక కూడా చెప్పగలను నేను. తాడు లేదు. లేదంటే లేదు. నువ్వు దాని తరఫునా నా తరఫునా?"

నాకు మింగుడు పడనిది అదే. అక్క అబద్ధం ఆడదు. పిచ్చుక కళ్ళు చూస్తే అదీ అబద్ధం ఆడుతున్నట్టు లేదు. ఒకే చోట ఒకే సమయంలో తాడు ఉంది, తాడు లేదు.

*

పడ్డాక అక్క ఎడమ అరికాలి పగుళ్ళు మళ్ళీ మండటం మొదలుపెట్టాయి. విరిగిన కాలికంటే ఇదే ఎక్కువ ఏడిపించింది తనని.

"పోయిందే. ధ్యాస పోయింది," అని వెక్కేది. "ఎంత ఊపిరి తీసినా నొప్పి కరగట్లేదు. ఆ పిల్ల నా కాలే కాదు, అది కూడా విరగ్గొట్టింది."

ఒకరోజు పొద్దున నా ప్రాక్టీసు సంచి దులుపుతుంటే అడుగున రేకు డబ్బా దొరికింది. ఆ రోజు హడావుడిలో అక్క సామాను సర్దుతూ, దీన్ని నా సంచిలో పడేసినట్టున్నాను. అమ్మ అప్పటికే పనికి వెళ్ళిపోయింది. సరే నేనే రాద్దామని నేలమీద కూర్చున్నాను. అమ్మలాగే అక్క కాలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో చీలికలోకీ క్రీము నింపుతూ చాలాసేపు రాశాను. ప్లాస్టిక్‌ కాగితం కూడా చుట్టాను. కాసేపటికి అక్క ముఖం విప్పారింది.

"ఒసేయ్‌, తగ్గుతోందే! ఊపిరి మళ్ళీ దొరికిందే నాకు!"

నాకు ఏనుగెక్కినంత సంబరం. చేతులైనా కడుక్కోకుండా బస్సు కోసం పరిగెత్తాను.

ధ్యాస క్లాసులో ఆ రోజు నిద్రపట్టలేదు. మేడం గొంతు కాలి నుంచి మోకాలికి, మోకాలి నుంచి నడుముకి, భుజానికి, మోచేతికి వచ్చింది. మొదటిసారి అన్ని చోట్లా నేను ఉన్నాను. మోచేయి ఉంది. మణికట్టు ఉంది, కింద చాప గరుకుతో సహా. అరచెయ్యి ఉంది.

"వేళ్ళు," అంది మేడం.

వేళ్ళు లేవు.

కళ్ళు తెరిచి చూశాను. అయిదు వేళ్ళూ చేతికే ఉన్నాయి. మళ్ళీ మూశాను. లేవు. చూపుడువేలూ మధ్యవేలూ ఉండాల్సిన చోట ఏమీ లేదు. చాప గరుకు అరచేతి దగ్గరే ఆగిపోయింది.

మేడం నా పక్కన ఆగి మణికట్టు ముట్టుకుంది. "ఏమ్మా, ఇవాళ మెలకువగా ఉన్నావే. చోటు?"

"వేళ్ళ కొసలు మేడం."

"ఏముంది?"

"ఏం లేదు." నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. "వేళ్ళే లేవు."

అంతకుముందు ఆ గదిలో ఆ మాట ఎవరు అన్నారో మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. మేడం నా ముఖంలోకి చూసింది. ఏం అడగలేదు. ఎందుకో అడగకూడదన్నది తన నియమమే కదా.

*

ఇంటికొచ్చేసరికి అమ్మ మధ్యాహ్నం అన్నానికి వచ్చి ఉంది. పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ స్టీలు గ్లాసులోకి వంచి గట్టు మీద పెట్టింది. నేను వంటగదిలోకి వచ్చి, తన పక్కన నిలబడి, ఆలోచనల్లో ఉండి ఆ గ్లాసు అందుకున్నాను. రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని, అలాగే నిలబడ్డాను.

అమ్మ తిరిగి చూసింది.

పొగలు కక్కే గ్లాసు. మామూలుగా అయితే చీర చెంగుతో పట్టుకునే గ్లాసు. అమ్మ దాన్ని నా చేతిలోంచి లాగేసి గట్టుమీద పెట్టింది, టీ ఒలికిపోయింది. నా వేళ్ళు పట్టుకుని చూసింది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

కాల్తుంటే తెలియట్లేదా అని తిట్టాలి. ఏమైందే నీ చేతికి అని అడగాలి. ఏ తల్లయినా అదే అడుగుతుంది.

మా అమ్మ గొంతు తగ్గించి అడిగింది:

"ఆ డబ్బా ఎక్కడ దొరికింది?"

పంపులోంచి నీళ్ళు కారుతున్నాయి. లోపలి గదిలో అక్క ఎవరితోనో ఫోన్లో నవ్వుతోంది.

"ఏ డబ్బా?" అన్నాను.

అమ్మ నా వేళ్ళు పంపు కింద పెట్టింది. చాలాసేపు పట్టుకుని నిలబడింది. నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో నాకు తెలియలేదు.

ఎప్పుడో అమ్మే నవ్వుతూ చెప్పిన ముచ్చట అప్పుడు గుర్తొచ్చింది. "మా క్లినిక్‌కి లేజర్‌ కోసం వస్తారే, వాళ్ళకి ముందు మత్తు క్రీము రాసి, ప్లాస్టిక్‌ కాగితం చుట్టి కూర్చోబెడతాను. తర్వాత గిల్లి చూస్తాను. ఒక్కరికీ తెలీదు."

*

అయినా నమ్మబుద్ధి కాలేదు. కన్నతల్లి గురించి అలాంటిది అంత సులువుగా ఎవరు నమ్ముతారు? మర్నాడు కాలేజీ మెట్ల వెనక కూర్చుని, నా రెండు అరికాళ్ళకీ మందంగా క్రీము రాసుకుని, కాగితం చుట్టుకుని, వేడి పట్టేదాకా ఆగి, విప్పి తుడుచుకున్నాను. తర్వాత పిచ్చుకకి ఫోన్‌ చేశాను.

"నన్ను లోపలికి రానివ్వరే," అంది.

"వెనక తలుపు తీసే ఉంది. రా. నీ కోసమే."

రిహార్సల్‌ హాల్లో ఎవరూ లేరు. ప్లాట్‌ఫారం అక్కడే ఉంది, తాడూ ఉంది. పిచ్చుక చేత్తో తడిమి చూసింది, నన్నూ తడిమి చూడమంది. టేపు కింద గట్టిగా, చిటికెన వేలంత లావుగా తగిలింది. నేను కళ్ళకి చున్నీ కట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావే? పిచ్చెక్కిందా?"

"అక్క నడిచినట్టు నడుస్తాను. తాడు తగలగానే ఆగుతాను. నువ్వు పక్కనే రా. చెయ్యి వెయ్యకు."

"గురకా, వద్దే. ఇంకో కాలు కూడా నా మెడకి చుట్టకే తల్లీ."

నడిచాను. చెక్క చప్పుడు వినిపిస్తోంది గానీ చెక్క తగలట్లేదు. దూది మీద నడిచినట్టుంది. తర్వాత దూది కూడా లేదు. మేడం చెప్పినట్టు ధ్యాసంతా అరికాళ్ళలో పెట్టాను. అక్కడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది. ఇప్పుడు తగులుతుంది, ఇప్పుడు తగులుతుంది అనుకుంటూ ఇంకో అడుగు ఎత్తాను.

జుట్టు పట్టుకుని ఎవరో వెనక్కి లాగారు. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. పిచ్చుక నన్ను రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"ఎక్కడిదాకా పోతావే!" అని ఏడ్చేసింది. "తాడు దాటేశావు! దాటేసి కూడా ఆగవేంటే! కాలు గాల్లో పెట్టావు నువ్వు!"

చున్నీ లాగేసి చూశాను. తాడు మా ఇద్దరి కాళ్ళ కింద ఉంది. నా ఎడమ అరికాలు సరిగ్గా దానిమీదే ఉంది. కళ్ళతో చూస్తున్నాను. అయినా తగల్లేదు.

*

అమ్మని క్లినిక్‌ బయట పట్టుకున్నాను. పని అయిపోయి, కోటు మడిచి చేతికి వేసుకుని వస్తోంది. డబ్బా తన ముందు పెట్టాను. అటూ ఇటూ చూసి, నన్ను గోడ పక్కకి లాక్కెళ్ళింది.

"నేనేం చేశానే? నొప్పి తీశాను. అంతేగా?" అంది.

"అమ్మా..."

"అది పొద్దున లేచి నేలమీద కాలు పెట్టలేక పాక్కుంటూ బాత్రూంకి వెళ్ళేది. నువ్వు నిద్రపోతుండేదానివి. నేను చూసేదాన్ని. ఒక్క వేసవి గడిస్తే చాలనుకున్నాను. నొప్పితోపాటు నేల కూడా పోతుందని నాకేం తెలుసే?"

"అక్కకి చెప్పావా అది ఏం మందో?"

"చెప్తే రాయించుకునేదా? తన ఊపిరి వల్లే తగ్గిందని ఎంత మురిసిపోయేదో. ఆ మురిపెం నేనెందుకు చెడగొట్టాలి?"

"పిచ్చుకని పంపించేస్తారమ్మా."

అమ్మ కోటు విప్పి మళ్ళీ మడిచింది. "నేనే చెప్తాలే. విచారణ రోజు నేనే చెప్తాను. నువ్వు మాత్రం మీ నాన్నతో అనకు. మీ అక్కతో అసలే అనకు," అంది. నా చెంప నిమిరింది. "నేనే చెప్తానన్నానుగా."

నమ్మాను. అప్పటికీ నమ్మాను.

*

విచారణ ప్రిన్సిపాల్‌ గారి గదిలో. పొడవాటి బల్లకి ఒకవైపు ప్రిన్సిపాల్‌, ఊపిరి మేడం. ఇటువైపు మేం. అక్క చంకకర్రలు గోడకి ఆనించి కూర్చుంది. పిచ్చుక ఒక్కతే, తలుపు దగ్గరి కుర్చీలో, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

నాన్న ఇంటిదగ్గర తయారుచేసుకున్నదంతా చెప్పాడు. తాడు, కొత్త టేపు, వేషం. ప్రిన్సిపాల్‌ గారు అక్కని అడిగారు. అక్క అదే చెప్పింది, తగల్లేదని. పిచ్చుకని అడిగారు. పిచ్చుక అదే చెప్పింది, ఉందని. చెప్పి నావైపు చూసింది. తనకి సగం తెలుసు. మిగతా సగం నేనే చెప్పాలని నోరు మూసుకుంది.

"మీరేమైనా చెబుతారా అమ్మా?" అని మా అమ్మని అడిగారు.

అమ్మ కుర్చీ కొసకి జరిగింది. పెదాలు తడుపుకుంది. అక్క తన చెయ్యి అందుకుని పట్టుకుంది, ధైర్యం చెబుతున్నట్టు. అమ్మ ఆ చేతిని చూసింది.

"మా పెద్దది అబద్ధం ఆడదండీ," అంది.

అంతే. వెనక్కి జరిగి కూర్చుంది.

ప్రిన్సిపాల్‌ గారు నిట్టూర్చి, కాగితాలు దగ్గరికి లాక్కున్నారు. "అయితే ఇంక..." అంటూ పిచ్చుకవైపు తిరిగారు. పిచ్చుక లేచి నిలబడింది.

నేను కూడా లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు. కాళ్ళే లేచాయి.

"ఏమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్‌ గారు.

ఎక్కడ మొదలుపెట్టాలి? నెత్తుటి గుర్తులా, పాక్కుంటూ వెళ్ళడమా, గ్లాసా? ఎలా మొదలుపెట్టినా ఎందుకో చెప్పాల్సి వస్తుంది. ఎందుకో చెప్పడం మొదలుపెడితే నేను అమ్మ వైపు వెళ్ళిపోతాను. నాకు తెలుసు.

ఊపిరి మేడం బల్ల మీద అరచెయ్యి ఆనించి, క్లాసులో అడిగినట్టే అడిగింది.

"చోటు చెప్పు."

"అక్క అరికాళ్ళు."

"అక్కడ ఏముంది?"

"మత్తు క్రీము." ఊపిరి పీల్చుకున్నాను. "రోజూ పొద్దున. తాడు ఉంది మేడం. తాడు ఎప్పుడూ ఉంది. అక్కకి అరికాళ్ళే లేవు."

అక్క తన ఎడమ పాదం వైపు చూసుకుంది. దాన్ని నెమ్మదిగా కుర్చీ కిందికి లాక్కుంది. అమ్మ చేతిలో ఉన్న తన చెయ్యి మాత్రం ఇంకా తీయలేదు.

నాన్న కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "విన్నారా? విన్నారా అండీ? మా పిల్లకి మత్తుమందు పెట్టారు!" ముఖం జేవురించింది. పిచ్చుక మీదికి వేలు చూపించి, మళ్ళీ నావైపు తిరిగాడు. నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. నూనె మరకలు ఎన్నడూ పోని ఆ చేతులు నన్ను కుదిపేస్తున్నాయి. "ఎవరే? ఎవరు పెట్టారు? పేరు చెప్పు. నేనున్నాను కదా, నీకెందుకు భయం? చెప్పు తల్లీ!"

ఆయన భుజం మీదుగా చూశాను. అమ్మ తల అడ్డంగా ఊపింది, కనపడీ కనపడనట్టు.

"అమ్మే, నాన్నా," అన్నాను.